పొద్దున పూట మొండికేసే ఔట్‌బోర్డ్ మోటారు: పులికాట్ ఒడ్డున ఒక కేసు

చిన్న ఇంజన్ల పని నాది. తిరుపతిలో షెడ్డు పెట్టి చాలా ఏళ్ళయింది, జనరేటర్లు, మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు, పెట్రోల్ పంపుసెట్లు ఇవే ఎక్కువ. పడవలకి తగిలించే ఔట్‌బోర్డ్ మోటార్లు ఏడాదికి ఏడెనిమిది వస్తాయంతే, అవన్నీ సూళ్ళూరుపేట, తడ వైపు నించి, పులికాట్ ఒడ్డు పల్లెల నించి వచ్చేవే. 2022లో జిల్లాలు మార్చినాక ఆ ఒడ్డు మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది గానీ షెడ్డు నించి దూరం మాత్రం వంద కిలోమీటర్లకి దగ్గరే, ఈ దూరానికి ఈ కేసులో చాలా పని ఉంది కాబట్టి ముందే చెప్తా ఉండా.

ఈ కేసుని వివరంగా రాయడానికి కారణం ఏందంటే ఇందులో నేను మొదట తప్పు చెప్పాను. తప్పుడు మోటారు ఏం కాదు, టెస్టులన్నీ సరిగ్గానే చేశాను, రీడింగులు కూడా సరిగ్గానే వచ్చాయి, అయినా తప్పు చెప్పాను. ఎందుకు అట్టా జరిగిందో నా దగ్గర పని నేర్చుకునే పిల్లోళ్ళకి చెప్పినప్పుడల్లా కొత్తగా ఇంకొకటి అర్థమవతా ఉంది. మనిషి పేరు, పల్లె పేరు, మోటారు కంపెనీ పేరు రాయను, వాటితో పని లేదు.

ముందు కథ

ఆయన వయసు యాభై దాటింది, నేను అన్నా అంటా, ఆయన నన్ను అబ్బయ్యా అంటాడు. సరస్సు మధ్యలో ఉండే దీవి పల్లె నించి ఇవతలి ఒడ్డుకి మనుషుల్ని, చేపల బుట్టల్ని దాటిస్తాడు. ఫైబర్ పడవ, దానికి 2 సిలిండర్ల 2-స్ట్రోక్ 25 హెచ్‌పీ మోటారు, గాలీ పెట్రోల్ కలిపే కార్బొరేటర్ (మేం కార్బ్ అంటాం) ఒకటే, సెల్ఫ్ లేదు, తాడు లాగి స్టార్ట్ చెయ్యాల్సిందే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, ఇరవై ఏళ్ళ పైబడిన బండి. పెట్రోల్ ట్యాంకు విడిగా పడవలో కూర్చునే పలక కింద ఉంటుంది, అక్కడ్నించి రబ్బరు పైపు, పైపు మధ్యలో చేత్తో పిసికే బల్బు, పైపు కొసకి మోటారుకి తగిలించే కనెక్టరు.

పులికాట్ సంగతి తెలియని వాళ్ళకి రెండు మాటలు. చిలికా తర్వాత మన దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు అది, పేరు పెద్దది గానీ చాలా చోట్ల నీళ్ళు నడుముల్లోతు కూడా ఉండవు. అందుకే అక్కడి వాళ్ళు పడవ ఆపగానే మోటారుని పైకి వంచేసి పెడతారు, లేకపోతే ప్రొపెల్లరు బురదలో కూరుకుపోతుంది. రాత్రంతా మోటారు వంగే ఉంటుంది, పైన మంచు, కింద ఉప్పు గాలి. ఈ వంచి పెట్టే అలవాటుని కూడా గుర్తు పెట్టుకోండి.

తెల్లవారుజామున 5 గంటలకి మొదటి ట్రిప్పు. చేపల బుట్టలు ఇవతలి ఒడ్డుకి చేరేసరికి వ్యాను నిలబడి ఉంటుంది, అది ఎవరి కోసమూ ఆగదు. వ్యాను తప్పిపోతే ఐసు కరిగిపోతుంది, చేప రేటు సగానికి పడిపోతుంది, ఆ నష్టం పడవ ఆయనది ఒక్కడిదే కాదు, ఆ బుట్టల వాళ్ళందరిదీ.

వచ్చినప్పటి కంప్లయింటు

డిసెంబరు చివర్లో ఫోన్ చేశాడు. "అబ్బయ్యా, పొద్దున పూట నలభై సార్లు లాగాల్సొస్తాంది, ఒకసారి అందుకున్నాక ఇంక సాయంత్రం దాకా ఒక్క గుంజుకే పోతాంది, భుజం పడిపోయింది నాకు, ఇప్పుడు మావాడు లాగతా ఉండాడు" అన్నాడు. ఆయన చెప్పింది ఇంతే, ఈ రెండు ముక్కల్లోనే రోగం సగం ఉంది, నేను దాన్ని సరిగ్గా వినలేదు.

నాకు ఫోన్ చేసే ముందే ఆయన చాలా ఖర్చు పెట్టుకున్నాడు. అక్కడ దగ్గర్లో ఒక మెకానిక్ రెండు సార్లు ప్లగ్గులు మార్చాడు, తర్వాత ప్లగ్గుకి కరెంటు పంపే కాయిల్ పోయిందని కాయిల్ మార్చాడు. కాయిల్ మార్చినాక కూడా ఏం తేడా రాలేదు, అయినా పాత కాయిల్ పారేశారు, కొత్తది బిగించే ఉంచారు. ఇది నాకు బాధ కలిగించే విషయం, పార్టు మార్చి తేడా రాకపోతే ఆ పార్టు బాగున్నట్టే గదా, దాన్ని తిరిగి పెట్టేసి ఆ డబ్బు ఆ మనిషికి మిగల్చొచ్చు.

"ఎప్పట్నించి ఇట్టా ఉంది అన్నా" అని అడిగాను. "వానలు పోయినాక, చలి మొదలైనాక" అన్నాడు. నేను చలి అన్న మాట పట్టుకున్నాను. నిజానికి పులికాట్ ఒడ్డున డిసెంబరు తెల్లవారుజామున కూడా 20 డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుందంతే. మంచు కురిసే దేశాల్లో ఇదే రకం మోటారుని సున్నా దగ్గర స్టార్ట్ చేస్తారు. 20 డిగ్రీల చలికి 25 హెచ్‌పీ మోటారు నలభై గుంజులు అడగదు, అంటే చలి అనేది సాకు మాత్రమే, వేరే ఏదో ఉంది. ఈ ఆలోచన నాకు అప్పుడు రావాల్సింది, పది రోజుల తర్వాత వచ్చింది.

షెడ్డులో చేసిన పని, అది ఎందుకు తప్పింది

మోటారు ఒక్కటే ఆటోలో వేసి పంపించమన్నాను. ట్యాంకు, పైపు పడవలోనే ఉండిపోయాయి, నా దగ్గర ట్యాంకు ఉంది గదా అని నేనే వద్దన్నాను.

వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ముందు ప్లగ్గులు తీసి చూశాను, రెండూ నల్లగా, జిడ్డుగా, తడిగా ఉన్నాయి. ఏ మెకానిక్‌ని అడిగినా నల్ల తడి ప్లగ్గు అంటే ఇంజను పెట్రోల్ ఎక్కువ తాగేస్తాందనే చెప్తాడు, నేనూ అదే అనుకున్నాను. 2-స్ట్రోక్‌కి పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోయాలి, ఆ మిక్సింగ్ ఎంత పోస్తున్నావని ఫోన్‌లో అడిగితే లీటరుకి 40 మిల్లీలీటర్ల ఆయిల్ అన్నాడు, అంటే 25:1. ఈ రకం మోటారుకి మామూలుగా 50:1 చాలు, లీటరుకి 20 మిల్లీలీటర్లు. 25:1 అనేది కొత్త ఇంజను రన్నింగ్-ఇన్‌లో పోసే లెక్క. ఎక్కువ పోస్తే ఇంజనుకి మేలని ఎవరో చెప్పారంట. ప్లగ్గు నలుపుకి ఇది ఒక కారణం అని రాసుకున్నాను, అది నిజమే, కానీ అసలు రోగానికి దానికీ సంబంధం లేదు.

తర్వాత స్పార్క్. ప్లగ్గుని బాడీకి ఆనించి చూడటం నేను మానేశాను, బయట గాలిలో 1 మిల్లీమీటరు దూకిన స్పార్క్ లోపల ఒత్తిడిలో కూడా దూకుతుందని నమ్మకం లేదు. గ్యాప్ మార్చుకునే టెస్టరు పెట్టి 7 మిల్లీమీటర్లకి తిప్పి తాడు లాగితే రెండు సిలిండర్లలోనూ నీలంగా, గట్టిగా దూకింది. కాబట్టి కాయిల్, దాన్ని నడిపించే సీడీఐ అనే కరెంటు పెట్టె రెండూ బాగున్నాయి. ఆ తర్వాత రెండు ప్లగ్గులూ తీసేసి, వైర్లు బాడీకి ఎర్త్ చేసి, థ్రాటిల్ (వేగం పెంచే గాలి తలుపు) పూర్తిగా తెరిచి కంప్రెషన్, అంటే పిస్టన్ లోపల గాలిని నొక్కే ఒత్తిడి చూశాను, 108, 104 పీఎస్ఐ. ఈ వయసు ఇంజనుకి అది చాలా మంచి లెక్క, రెంటి మధ్య తేడా కూడా నాలుగు శాతమే. థ్రాటిల్ మూసి ఈ టెస్టు చేస్తే గాలి చాలక రీడింగ్ తక్కువొచ్చి బంగారం లాంటి ఇంజనుకి రింగులు పోయాయని చెప్పేస్తాం, అట్టా చెప్పించుకుని వచ్చినోళ్ళని నేను చూశాను.

కొత్త ప్లగ్గులు వేసి 200 లీటర్ల డ్రమ్ములో నీళ్ళు నింపి మోటారు దించాను. నీళ్ళు లేకుండా ఔట్‌బోర్డ్‌ని ఒక్క నిమిషం కూడా తిప్పకూడదు, నీళ్ళు పంపే రబ్బరు ఇంపెల్లరు పొడిగా తిరిగితే సెకన్లలోనే కాలడం మొదలవుతుంది. నా ట్యాంకు, నా పైపు తగిలించి బల్బు పిసికి, చోక్ (చల్లని ఇంజనుకి గాలి తగ్గించి పెట్రోల్ ఎక్కువ పంపే మీట) లాగి తాడు గుంజితే రెండో గుంజుకి అందుకుంది. పక్క నించి నీళ్ళ ధార బాగా కొడతాంది, పొగ కొంచెం ఎక్కువ, అంతే.

అప్పుడు నా తీర్పు ఏందంటే, మోటారు బాగుంది, ఆయన చోక్ ఎక్కువ సేపు లాగి పట్టి ఓవర్‌ఫ్లో చేసుకుంటా ఉండాడు. చోక్ తక్కువ వాడమని, ఆయిల్ తగ్గించమని చెప్పి పంపించాను.

మర్నాడు పొద్దున 5:40కి ఫోన్. ఈసారి యాభై సార్లు లాగినా అందుకోలేదు. చోక్ తక్కువ వాడమంటే తక్కువ వాడాడు పాపం, ఇంకా చెడింది. వ్యాను పోయింది. ఆయన కోప్పడలేదు, "సరే అబ్బయ్యా, ఏం చేద్దాం చెప్పు" అన్నాడు. తిట్టుంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో.

ఆ రోజు కూర్చుని కాగితం మీద రాసుకున్నాను. షెడ్డులో మధ్యాహ్నం ఎండలో చూశాను, అక్కడ తెల్లవారుజామున. షెడ్డులో నా ట్యాంకు, నా పైపు, నా పెట్రోల్, అక్కడ ఆయనవి. షెడ్డులో నేను లాగాను, అక్కడ వాళ్ళబ్బాయి. ప్లగ్గులు నేను చూసింది రోజంతా తిరిగిన ఇంజనువి, స్టార్ట్ కాని ఇంజనువి కాదు. అంటే రోగం ఉన్న పరిస్థితి ఒక్కటి కూడా నా షెడ్డుకి రాలేదు, మోటారు ఒక్కటే వచ్చింది. ఇంకో మాట, చోక్ తగ్గిస్తే రోగం ముదిరింది కాబట్టి పెట్రోల్ ఎక్కువవుతోందన్న నా తీర్పు తలకిందులైనట్టే, పెట్రోల్ చాలడం లేదు.

అక్కడే పడుకుని చూసిన రోజు

ఆ వారంలోనే సాయంత్రానికి చేరి వాళ్ళ ఇంట్లోనే పడుకున్నాను. వదిన చేపల పులుసు పెట్టింది, తిని, మోటారుని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, రోజూ ఎట్టా పెడతారో అట్టానే వంచి పెట్టించాను. ఒక గాజు సీసాలో ఆయన ట్యాంకు అడుగు నించి పెట్రోల్ తీసి కదలకుండా పెట్టాను. ఎందుకంటే ఈ మధ్య బంకుల్లో దొరికేది దాదాపు అంతా 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలే, ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది, తేమ ఎక్కువైతే నీళ్ళూ ఇథనాల్ కలిసి విడిపోయి అడుక్కి దిగుతాయి. 2-స్ట్రోక్‌లో ఇది ఇంకా ప్రమాదం, అడుక్కి దిగిన దాంట్లో ఆయిల్ ఉండదు, అది ఇంజనులోకి పోతే స్టార్ట్ కాకపోవడం కాదు, పిస్టన్ పట్టేస్తుంది. సరస్సు మధ్య తేమలో మూడు వారాలుగా క్యానులో ఉన్న పెట్రోల్ మీద నాకు గట్టి అనుమానం ఉండింది. తెల్లారి టార్చి వేసి చూస్తే సీసాలో ఒకటే రంగు, పొర లేదు. ఆ అనుమానం అక్కడితో కొట్టేశాను.

5 గంటలకి వాళ్ళబ్బాయిని రోజూ చేసినట్టే చెయ్యమని పక్కన నిలబడ్డాను, నోరు తెరవలేదు. మోటారు దించాడు, కవర్ కింద నించి పెట్రోల్ వాసన గుప్పుమంది. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ వదులు చేశాడు, బాగుంది. న్యూట్రల్‌లో ఉంది, ఆపే స్విచ్చి క్లిప్పు పెట్టాడు, బాగుంది. బల్బుని పడవ అడుగున అడ్డంగా పడుకోబెట్టే పది సార్లు పిసికాడు, చోక్ పూర్తిగా లాగాడు, థ్రాటిల్ స్టార్ట్ గుర్తుకి తిప్పాడు, లాగడం మొదలుపెట్టాడు. లాగడంలో తప్పు లేదు, ముందు మెల్లగా లాగి పళ్ళు పట్టుకున్నాక ఒకే ఊపులో గట్టిగా గుంజతా ఉండాడు.

పది గుంజులకి ఆపమన్నాను. ప్లగ్గులు విప్పాను.

పొడిగా ఉన్నాయి. వేలు పెడితే తడి లేదు, పెట్రోల్ వాసన కూడా లేదు. చోక్ మూసి పది సార్లు లాగిన ఇంజనులో ప్లగ్గు పొడిగా ఉండటమంటే సిలిండరు దాకా పెట్రోల్ రాలేదన్నమాట. షెడ్డులో నల్ల తడి ప్లగ్గు చూసి నేను చెప్పినదానికి పూర్తిగా ఎదురు సాక్ష్యం. అదే మోటారు, అదే ప్లగ్గు రంధ్రం, చూసిన టైము వేరు.

ఇప్పుడు పెట్రోల్ దారి వెంబడి వెనక్కి పోవాలి. ట్యాంకు, పైపు, బల్బు, కనెక్టరు, ఇంజను పంపు, బౌల్ (కార్బ్ అడుగున పెట్రోల్ నిలిచే చిన్న గిన్నె), జెట్ (పెట్రోల్ సన్నగా వచ్చే రంధ్రం), చోక్, రీడ్ వాల్వులు (లోపలికి మాత్రమే తెరుచుకునే పల్చటి తలుపులు). ఏది ముందు? చీకట్లో, నీళ్ళ మీద, ఏదీ విప్పకుండా తేలేది బల్బు. చేతిలోకి తీసుకుని పిసికితే ఎంత పిసికినా గట్టిపడలేదు. కనెక్టరు మోటారు నించి ఊడదీశాను, అప్పుడు కొస మూసుకుపోతుంది కాబట్టి రెండు మూడు పిసుకుళ్ళకి బల్బు రాయిలా కావాలి. కాలేదు, పైగా పిసికినప్పుడల్లా ట్యాంకులో బుడబుడ వినపడింది. బల్బులో రెండు వైపులా వెనక్కి పోనివ్వని చిన్న వాల్వులుంటాయి, ట్యాంకు వైపుది పట్టు వదిలేసింది, పిసికిన పెట్రోల్ ముందుకి పోకుండా వెనక్కే పోతాంది. రబ్బరు కూడా గట్టిపడి సన్నగా చీలికలు వచ్చింది, ఇథనాల్ రాకముందు చేసిన పాత రబ్బరు ఈ పెట్రోల్‌కి తట్టుకోదు.

ఇక్కడ వంచి పెట్టడం గుర్తు తెచ్చుకోండి. మోటారు వంచితే కార్బ్ బౌల్‌లో ఉన్న పెట్రోల్ కొంత గాలి రంధ్రం గుండా కారిపోతుంది, పొద్దున కవర్ కింద వచ్చిన వాసన అదే. దానికి తోడు రాత్రంతా పైపులో పెట్రోల్ ట్యాంకుకి వెనక్కి జారిపోతుంది. అంటే పొద్దున్నే బౌల్ సగం ఖాళీ, పైపు పూర్తిగా ఖాళీ, నింపాల్సిన బల్బు పని చెయ్యదు. ఇంక మోటారే తాడు గుంజులతో ట్యాంకు నించి పెట్రోల్ పీల్చుకోవాలి, అందుకే అన్ని గుంజులు. ఒకసారి నిండినాక సాయంత్రం దాకా సమస్య లేదు, ఆయన ఫోన్‌లో మొదటి రోజే చెప్పిన రెండు ముక్కలు దీనికి అచ్చంగా సరిపోయాయి.

నేను ఈసారి కొత్త పైపు, బల్బు, కనెక్టరు ఓ-రింగుతో సహా సెట్టు తీసుకుపోయాను. బాణం గుర్తు మోటారు వైపు ఉండేలా బిగించి, బల్బుని నిలువుగా, మోటారు వైపు కొస పైకి ఉండేలా పట్టుకుని పిసికితే ఆరో పిసుకుడికి గట్టిపడింది. నిలువుగా ఎందుకంటే అందులో వాల్వులు సరిగ్గా కూర్చోవాలన్నా, గాలి ముందుగా బయటికి పోవాలన్నా అదే దారి. తాడు లాగితే పద్నాలుగో గుంజుకి అందుకుంది.

నలభై నించి పద్నాలుగుకి వచ్చేసరికి తండ్రీ కొడుకూ సంబరపడిపోయారు. "చాలబ్బయ్యా, ఇంతకన్నా ఏం కావాల" అన్నాడు ఆయన. పడవ బయల్దేరింది, వ్యాను దొరికింది.

ఆగిపోవాలా, ఇంకా చూడాలా

నిజం చెప్పాలంటే ఇక్కడితో సర్దేసి వచ్చేయొచ్చు. కారణం దొరికింది, పార్టు మార్చాం, మనిషి సంతోషంగా ఉండాడు. కానీ నాకు లెక్క కుదరలేదు. బౌల్ నిండిన, కంప్రెషన్ బాగున్న, స్పార్క్ గట్టిగా ఉన్న 25 హెచ్‌పీ మోటారు చోక్ వేస్తే నాలుగైదు గుంజుల్లో అందుకోవాలి. పద్నాలుగు ఎందుకయింది? ఒక రోగం తగ్గితే దాని వెనక దాక్కున్న రెండోది బయటపడుతుంది, సగం బాగయింది అన్నప్పుడు మిగిలిన సగానికి వేరే కారణం ఉందనే అనుకోవాలి నా లెక్కలో.

వాళ్ళు తిరిగొచ్చినాక ఇంకేదైనా చూద్దామంటే ఇంజను వేడెక్కిపోయింది, ఒక్క గుంజుకే పోతాంది, అందులో చూడటానికి ఏమీ లేదు. చల్లని స్టార్ట్ రోగంలో ఉన్న అసలు చిక్కు ఇదే, రోజుకి ఒక్క పరీక్షే దొరుకుతుంది. ఒకసారి అందుకున్నాక మళ్ళీ రేపటి దాకా ఆగాలి. అందుకే ఆ ఒక్క పరీక్ష ఏదో ముందు రాత్రే బాగా ఆలోచించి పెట్టుకోవాలి, ఒకేసారి నాలుగు మార్చేసి లాగితే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు. ఇంకో రాత్రి ఉంటానని చెప్పాను.

పగలు ఖాళీగా ఉన్నప్పుడు కార్బ్ బయట నించి చూశాను. స్లో స్పీడు మిక్చరు స్క్రూ పూర్తిగా మూసి లెక్కపెడితే మూడు చుట్లు తెరిచి ఉంది. మామూలుగా ఒకటిన్నర దగ్గర ఉంటుంది. ఎవరో కావాలని పెట్రోల్ పెంచారన్నమాట, నల్ల ప్లగ్గుకి, పొగకి ఇదే పెద్ద కారణం. అప్పుడు ఆయన్ని మొదటిసారి సరైన ప్రశ్న అడిగాను: "అన్నా, ఈ రోగం రాకముందు ఈ మోటారుకి ఏం పని చేయించావు?"

"ఏం లేదే, వానల్లో పని లేక ఊరికే ఉంటే కార్బ్ సర్వీసు చేయించినాను, బానే చేసినాడే" అన్నాడు. రోగం ఎప్పుడు మొదలయిందంటే ఆయన ఆ సర్వీసు మాట ఎత్తలేదు, ఎందుకు ఎత్తుతాడు, సర్వీసు అంటే బాగు చెయ్యడం గదా.

రెండో తెల్లవారుజాము

ముందు రాత్రి వేసుకున్న లెక్క ఇది. బల్బు ఇప్పుడు బాగుంది, పిసికినాక బౌల్ కింది స్క్రూ వదిలితే ధారగా పెట్రోల్ రావాలి, వస్తే పెట్రోల్ బౌల్ దాకా చేరినట్టే, ఇంక అక్కడ్నించి లోపలికి ఎందుకు లాగడం లేదో చూడాలి. అనుమానాలు నాలుగు: చోక్, స్లో జెట్టు, రీడ్ వాల్వులు, క్రాంక్ సీళ్ళు (క్రాంక్ గదిలోకి గాలి దూరకుండా ఆపేవి). 2-స్ట్రోక్‌లో పిస్టన్ పైకి పోయేటప్పుడు కింద క్రాంక్ గదిలో వాక్యూమ్ పుట్టి రీడ్ వాల్వుల గుండా గాలీ పెట్రోల్ లోపలికి వస్తాయి. తాడుతో లాగినప్పుడు ఇంజను మెల్లగా తిరుగుతుంది, వాక్యూమ్ చాలా బలహీనం. చోక్ ప్లేటు కార్బ్ మూతి మూసేస్తే ఆ కొంచెం వాక్యూమ్ అంతా జెట్టు మీద పడి పెట్రోల్ ఉబికి వస్తుంది. చల్లని ఇంజనులో పోసిన పెట్రోల్‌లో తేలికైన భాగం మాత్రమే ఆవిరవుతుంది, మిగిలింది గోడలకి అంటుకుంటుంది, అందుకే ఎక్కువ పోయాలి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి ఇంకొంచెం ఎక్కువే కావాలి, ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోల్ కన్నా రెండింతలకి పైగా వేడి లాక్కుంటుంది, పైగా మండడానికి అంతే గాలికి ఎక్కువ ఇంధనం అడుగుతుంది. కాబట్టి పాత పెట్రోల్‌తో నడిచిపోయిన అరకొర చోక్ ఈ పెట్రోల్‌తో నడవదు.

నాలుగు అనుమానాలకి ఒకే పరీక్ష ఉంది, అరచేయి. గాలి పెట్టె తీసేసి, కార్బ్ మూతిని అరచేత్తో మూసి తాడు లాగాలి. చోక్ ప్లేటు చెయ్యాల్సిన పని చెయ్యి చేస్తుంది. చేతిని గట్టిగా పీల్చి, తడి చేసి, ఇంజను అందుకుంటే రీడ్లు, సీళ్ళు, జెట్టు బాగున్నట్టు, తప్పు చోక్‌దే. పీల్చకపోతే రీడ్లు, సీళ్ళు. పీల్చినా తడి రాకపోతే జెట్టు. ఒక్క పరీక్షతో మూడు దారులు విడిపోతాయి, అందుకే రోజుకి దొరికే ఆ ఒక్క అవకాశాన్ని దీనికే పెట్టాను. ఒక జాగ్రత్త, కార్బ్ లోంచి మంట వెనక్కి తన్నే అవకాశం ఉంటుంది, మొదటి దగ్గుకే చెయ్యి తీసేయాలి, చుట్టూ కారిన పెట్రోల్ ఉండకూడదు, బీడీ కాలుస్తా ఎవరూ దగ్గర నిలబడకూడదు.

5 గంటలకి బల్బు పిసికి బౌల్ స్క్రూ వదిలాను, ధారగా వచ్చింది. ఆ కొంచెం పెట్రోల్‌ని గిన్నెలోకి పట్టి, స్క్రూ బిగించి, అంతా తుడిచి, మళ్ళీ పిసికాను. చోక్ పట్టించుకోకుండా అరచేయి మూసి అబ్బాయిని లాగమన్నాను. మొదటి గుంజుకే చర్మం లోపలికి పోయింది, తడి తగిలింది. రెండో గుంజుకి దగ్గింది, చెయ్యి తీశాను, పట్టుకుంది, నడిచింది.

రెండు గుంజులు. ఆ అబ్బాయి నన్ను, మోటారుని మార్చి మార్చి చూశాడు.

ట్రిప్పు అయినాక కార్బ్ విప్పాను. చోక్ మూసి సూర్యుడి వైపు పెట్టి చూస్తే ఒక పక్క నెలవంక ఆకారంలో వెలుతురు. చోక్ ప్లేటు చూడ్డానికి గుండ్రంగా ఉంటుంది గానీ అది మూతిలో ఏటవాలుగా కూర్చుంటుంది కాబట్టి అంచులు ఏటవాలుగా కోసి ఉంటాయి. తిరగేసి బిగిస్తే పడుతుంది, తిరుగుతుంది, బయట నించి చూస్తే లివరు పూర్తిగా మూసినట్టే ఉంటుంది, కానీ ఒక అంచు ఆనుకుని ఇంకో అంచు తెరిచి ఉండిపోతుంది. ప్లేటుకి కంపెనీ వాళ్ళే పెట్టిన చిన్న బెజ్జం ఉంటుంది, దాన్ని చూసి గాలి పోతాందని కంగారు పడక్కర్లేదు, అది వేరు, ఈ నెలవంక వేరు. వానల్లో సర్వీసు చేసినప్పుడు ప్లేటు విప్పి కడిగి తిరగేసి పెట్టారు. తర్వాత పొద్దున స్టార్ట్ కావడం లేదంటే మిక్చరు స్క్రూ తెరిచారు, అది కాలేదంటే ప్లగ్గులు, అదీ కాలేదంటే కాయిల్.

ప్లేటుని సరిగ్గా తిప్పి, స్క్రూలు వదులుగా ఉంచి, చోక్ మూసి ప్లేటు దానంతటదే కూర్చునేలా వదిలి, అప్పుడు బిగించాను. ఆ రెండు స్క్రూలకి జిగురు వెయ్యకుండా వదలకూడదు, ఊడితే నేరుగా రీడ్ల మీదికి, అక్కడ్నించి సిలిండరులోకి పోతాయి, మోటారు అంతటితో సరి. మిక్చరు స్క్రూ ఒకటిన్నర చుట్టుకి తెచ్చాను, ఇంజను వేడెక్కినాక నిలకడగా నడిచేదాకా కొంచెం సర్దాను.

మూడో తెల్లవారుజామున నేను దేన్నీ ముట్టుకోలేదు. అబ్బాయే అంతా చేశాడు. మూడో గుంజుకి అందుకుంది.

తర్వాత

అబ్బాయికి పొద్దున చెయ్యాల్సిన వరస చెప్పి తన ఫోన్‌లోనే తన మాటల్లో రికార్డ్ చేసుకోమన్నాను: మోటారు దించి రెండు నిమిషాలు వదిలెయ్, గాలి స్క్రూ తియ్, బల్బు నిలువుగా పట్టి గట్టిపడే దాకా పిసుకు, గట్టిపడినాక ఇంక పిసకొద్దు, చోక్ పూర్తిగా మూసి లాగు, దగ్గిన వెంటనే చోక్ సగానికి తియ్, నడిచినాక పూర్తిగా తీసెయ్, నీళ్ళ ధార వస్తాందా చూడు. ఆరు గుంజులకి కూడా దగ్గకపోతే లాగడం ఆపి ప్లగ్గు విప్పి వేలు పెట్టి చూడు, పొడిగా ఉంటే బల్బు సంగతి చూడు, తడిగా ఉంటే చోక్ తీసేసి థ్రాటిల్ తెరిచి లాగు. ఈ ఆఖరి ముక్క వాడికి అన్నిటికన్నా ముఖ్యమైనది, నలభై సార్లు గుడ్డిగా లాగడం అంటే భుజం పోవడమే.

రాత్రి పూట పైపు ఊడదీసి బౌల్‌లో పెట్రోల్ అయిపోయేదాకా నడిపి ఆపాలా అని ఆయన అడిగాడు. రోజూ తిప్పే పడవకి అవసరం లేదని చెప్పాను, వారం పది రోజులు ఊరికే ఉంచేటట్టయితే మాత్రం అట్టా చెయ్యమన్నాను, లేకపోతే బౌల్‌లో పెట్రోల్ ఆరిపోయి జిగురు కట్టి సన్న జెట్టుని మూసేస్తుంది. పెట్రోల్ కూడా నెలకి సరిపడా క్యాన్లలో నింపుకోవద్దన్నాను, వారానికి ఎంతో అంతే. ఆయిల్ 50:1కి తెచ్చాం, పొగ తగ్గింది.

నా షెడ్డులో మారింది ఏందంటే, ఇప్పుడు ఏ ఔట్‌బోర్డ్ వచ్చినా ట్యాంకు, పైపు, అందులో ఉన్న పెట్రోల్‌తో సహా తెమ్మంటా ఉండా, ఆటో బాడుగ ఎక్కువైతే నేను ఇచ్చుకుంటా. పొద్దున స్టార్ట్ కాదంటే సాయంత్రమే డ్రమ్ములో దించి, వాళ్ళు వంచి పెట్టినట్టే వంచి పెట్టి, తెల్లారి ఆరుకి ముందు షెడ్డు తెరుస్తా. ఇక "ఎప్పట్నించి" అని అడిగే ముందు "అంతకు ముందు ఏం చేయించారు" అని అడగతా ఉండా, సర్వీసు, పెయింటు, పైపు మార్చడం, ఏదైనా సరే.

మళ్ళీ ఏడాది చలికాలంలో ఆయన ఫోన్ చేసినప్పుడు మూడు, నాలుగు గుంజులే అన్నాడు. భుజం మాత్రం పూర్తిగా తగ్గలేదంట, చెయ్యి పైకెత్తితే నొప్పి, ఇప్పటికీ అబ్బాయే లాగతా ఉండాడు. మోటారు అడుగు క్రాంక్ సీలు దగ్గర కొంచెం ఆయిల్ తడి కనపడిందని నేను అప్పుడే రాసుకున్నాను, అరచేతి పరీక్షలో పీలుపు గట్టిగానే ఉంది కాబట్టి ఇంజను దించలేదు. ఈ వానల్లో పడవ ఊరికే ఉన్నప్పుడు తెమ్మన్నాను, ట్యాంకుతో సహా.